అతికించిన దవడ

రాత్రి పదకొండూ యాభై! ఆకాశం ఫెళఫెళా ఉరిమింది... చిత్రకళా మ్యూజియం నడిమి హాల్లో మ్యూజిక్ అంతకంటే గట్టిగా ఉరుముతోంది. ఐదొందల మంది ఒళ్లు మరిచి గెంతుతున్నారు. గోడమీది పటంలో గుడ్లగూబ కళ్లార్పింది! చూసే తీరిక ఎవడికుంది?

వేదికమీద డీజే పిల్ల. ఆమె వెనక, నల్లతెర చాటున, మ్యూజియం పెద్దసారు. పగలు కోటూ బూటూ... రాత్రి క్షుద్రోపాసకుడు! ఒళ్లో ఎర్రగుడ్డ చుట్టిన కపాలం, అతని గురువుది. పన్నెండు కొట్టగానే దాని నోట మంత్రం పలకాలి, డీజే పిల్ల ప్రాణం అందులోకి పోవాలి. ఆపైన అతనికి చావుండదు! అందాకా దాన్ని కంటితో చూడకూడదని ఆ పూజకు నియమం.

నోరు పలకాలంటే కింది దవడ కావాలి కదా, అది ఏనాడో ఊడిపోయింది. పాతవస్తువులు అతికించే ఉద్యోగినికి ఆ పని అప్పజెప్పి, గుడ్డ చుట్టి ఇమ్మన్నాడు. ఆమె డీజే పిల్లకు సొంత అక్క! చెల్లెలి చావుకు తనే జిగురు కలుపుతున్నానని ఆమెకేం తెలుసు, పాపం!

సారు జపం మొదలుపెట్టాడు. డీజే పిల్ల కళ్లు తేలేసింది... ముక్కులోంచి నెత్తురు! స్పీకర్లలోంచి ఆమె కేక హాలంతా చీల్చింది. అదీ పాటలో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు, దద్దమ్మలు!

"అయ్యో, చెల్లీ!" అంటూ జనంలో ఉన్న అక్క వేదికెక్కి తెర లాగేసింది. సారు ఆమె పీక పట్టుకుని గోడకేసి కొట్టాడు. "కదిలావో, నిన్నూ నరికేస్తా!"

తల పగిలినా, అతని చంకలోని ఎర్రగుడ్డ మూట గుర్తుపట్టి ఆమె నోరు ఊరుకోలేదు. "ఆ దవడ ఆ తలది కాదు సార్! గోదాంలో నంబరు లేని పెట్టెలో దొరికితే అతికించాను. లోపలివైపు రాశాను కూడా... ఏది ఎక్కడిదో రాయకుండా మేం ఏదీ ఇవ్వం!"

సారు ముఖం పాలిపోయింది. ఆ పెట్టె దాచింది అతనే! లేచిపోయిందని ఊరందరి ముందూ ఏడ్చి నమ్మించిన భార్యను, పదేళ్ల కింద ఇదే పూజకు బలిచ్చి, అది ఫలించకపోతే ఎముకలు అందులో పెట్టాడు...

పన్నెండు కొట్టింది! గుడ్డ జారింది. కింది వరసలో ఆ వంకర పన్ను... గుర్తుపట్టాడు!

కపాలం నోరు తెరిచింది. అన్ని స్పీకర్లలోంచీ ఒకే ఆడగొంతు! "కట్టుకున్న నన్ను చంపింది చాలక, మళ్లీ ఇంకో ఆడపిల్లనా?"

"వద్దే... తప్పయిపోయిందే!"

కపాలం ఎగిరి అతని గొంతు పట్టుకుంది. పటపటా నమిలింది! నెత్తురు చిమ్మి నల్లతెర తడిసిపోయింది. అతని తల వేదిక దిగి దొర్లుకుంటూ వెళ్తే, జనం అప్పుడు పరుగెత్తారు.

"అక్కా... చలేస్తోందే," అంది చెల్లెలు కళ్లు తెరిచి. ఆ మాట విని అక్క భోరుమని ఏడ్చింది.

మర్నాడు తలకు కట్టుతోనే పనిలో కూచుని, జిగురు కరిగించి, ఆ దవడను మెల్లగా విడదీసింది. మిగతా ఎముకల పక్కన పడుకోబెట్టింది. పెట్టెమీద నంబరు వెయ్యలేదు. ఆవిడ పేరు రాసింది.