పాత వార్డులో లెక్కపెట్టే గొంతు

ఆస్పత్రి వెనకాల పాత వార్డుంది చూశారూ... చీకటి పడితే అటు పిట్ట కూడా వాలదు.

ఊరంతా తలో చెయ్యీ వేసి కట్టుకున్న ఆస్పత్రి అది. మంచాలు వడ్రంగులు చేసిచ్చారు, గోడలకి రంగులు బడిపిల్లలు వేశారు. అది కాదంటే ఇంకో ఆస్పత్రి రెండు గంటల దూరం. అంత ప్రాణంగా చూసుకునేవాళ్లకి కూడా ఆ పాత వార్డంటే హడలే. నెల రోజులుగా రాత్రుళ్లు లోపల ఎవరో లెక్కపెడుతున్నారట.

"తర్వాతి వంతెవరిదో చూసుకుంటోందే తల్లీ," అనేది ఆయా.

కొత్తగా చేరిన నర్సు నవ్వేసేది. ఆ రాత్రి దాకా.

ఆ రాత్రి దర్జీ గారి మనవరాలికి ఆయాసం. నాలుగేళ్ల పిల్ల... డొక్కలు ఎగరేస్తోంది. ఆక్సిజన్ సిలిండర్ అయిపోవచ్చింది. నిండుది పాత వార్డులో ఉంది.

"పరిగెత్తమ్మా," అంది డాక్టరమ్మ, పిల్ల మీంచి చూపు తిప్పకుండా.

నర్సు టార్చీ, సిలిండర్ మూత తిప్పే స్పానరూ పట్టుకుని పరిగెత్తింది. తలుపు కిర్రుమంది. చెమ్మ వాసన. స్పానర్ అక్కడి మంచం మీద పెట్టి, సిలిండర్ని బండి మీదికి ఎక్కించిందో లేదో—

"పదహారు..."

గుసగుస. గది ఆ చివర్నుంచి.

టక్... "పదిహేడు..."

నెత్తి మీంచి కాళ్లదాకా తెల్లటి ముసుగు. నేలకి ఏదో టక్కుమని తగిలిస్తూ, కాలు ఈడ్చుకుంటూ... ఇటే వస్తోంది!

పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా బండి మాత్రం వదల్లేదు, మెచ్చుకోవాలి. వరండా అంతా గడగడలాడించుకుంటూ వచ్చి పిల్ల ఉన్న వార్డులో పడింది.

"స్పానరేదీ?" అంది డాక్టరమ్మ.

అక్కడే ఉండిపోయింది! పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. నర్సు గుమ్మం వైపు తిరిగింది...

"డెబ్భై రెండు... డెబ్భై మూడు..."

వరండాలోంచి. దగ్గరవుతోంది. దర్జీ గారు మనవరాలికి అడ్డంగా నిలబడిపోయాడు.

గుమ్మంలో ముసుగు ఆగింది. లోపల్నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది... ఆ చేతిలో స్పానర్!

"ఇది వదిలేసి ఆ పరుగేంటి సిస్టరమ్మా? ఎంత పిలిచినా వినవే!"

దుప్పటి జారింది. పక్షవాతంతో చేరిన పోస్ట్‌మాన్!

డాక్టరమ్మ స్పానర్ లాక్కుని తిప్పింది. బుస్సుమని గాలొచ్చింది. పిల్ల ఊపిరి మెల్లమెల్లగా కుదుటపడింది. కాసేపటికి కళ్లు తెరిచి, "తాతా, దాహం" అంది. అప్పుడు వచ్చింది అందరికీ నవ్వు.

"చీకట్లో అక్కడేం పని బాబాయ్?" అంది నర్సు, గుండె చేత్తో పట్టుకునే.

"ముప్ఫై ఏళ్లు ఈ ఊళ్లో ఇంటింటికీ తిరిగినవాణ్ణి. పగలు నడక నేర్చుకుంటుంటే చూసినవాళ్లంతా అయ్యో అంటారు. ఆ మాట పడలేక, ఎవరూ గుర్తుపట్టకుండా ఇలా దుప్పటి కప్పుకుని..." తల దించుకున్నాడు. "వాకర్ పట్టుకుని రోజూ ఇరవై అడుగులు. అంతకు మించి ఒక్కటీ పడట్లేదు."

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మరి వాకరేదండీ?"

ఆయన తన రెండు చేతుల కేసీ చూసుకున్నాడు. వెనక్కి తిరిగి, పొడుగాటి ఖాళీ వరండా కేసి చూశాడు.

"అయ్యబాబోయ్..." అన్నాడు గుసగుసగా. "నడిచొచ్చేశాను!"