పికిలిపిట్ట గూటికి కాపలా

పొద్దున్నే మల్లెపూలు కోద్దామని పెరట్లోకి వెళ్లిన తవిటమ్మ ఖాళీ సజ్జతోనే తిరిగొచ్చింది.

"పందిరంతా సీమలేనయ్యా. గూట్లో పికిలిపిట్ట పిల్లలు ఇంకా కళ్లయినా తెరవలేదు. తినేస్తాయి," అంది భర్తతో.

జోగయ్య టీ గ్లాసు అరుగు మీద పెట్టేసి లేచాడు. పొడుగు కాళ్ల పసుపు చీమలవి. రెండేళ్ల కిందటిదాకా నరసన్నపేట చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. పోయిన నెల ఇదే పిట్టల జంట కట్టిన మొదటి గూడు ఆ చీమల పాలే అయింది. ఆ రోజు తల్లిపిట్ట నోట్లో పురుగు పట్టుకుని పందిరి చుట్టూ తిరుగుతుంటే ఆయనకు అన్నం సయించలేదు. ఈసారి పొలం మందు కలిపి, స్ప్రేయర్ భుజానికెత్తుకున్నాడు.

పందిరి కింద కోడలు హేమ అడ్డంగా నిలబడింది. కాపురానికొచ్చి నాలుగు నెలలు. వ్యవసాయ డిగ్రీ చదివిన పిల్లే గానీ, మావగారి ముందు ఎప్పుడూ గొంతెత్తలేదు.

"వద్దు మావయ్యా. ఆ మందు చీమల కంటే ముందు పిల్లల్ని చంపేస్తాది."

"నలబై ఏళ్లుగా మందు కొడతన్నాను. నాకే సెప్తావేటి? తప్పుకో."

"తప్పుకోను." ఆమె గూటివైపు చెయ్యి చూపించింది. "వాటిని బతికించాలనే వచ్చారు. మీ చేత్తోనే చచ్చిపోతే తట్టుకోగలరా?"

జోగయ్య ముఖం కందగడ్డయింది. ఏదో అనబోయి తలెత్తితే, గూట్లోంచి మూడు ఎర్రటి నోళ్లు ఆకలిగా తెరుచుకుని కనిపించాయి. ఆయన మెల్లగా స్ప్రేయర్ దించాడు.

"అయితే ఏటి సేద్దాం, సెప్పు."

హేమ గబగబా చెప్పింది. పందిరి రాటలకు గ్రీజు పూస్తే కొత్త చీమలు ఎక్కవు; పైనున్నవాటిని తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి చిటికెడు బెల్లం పాకంలో కలిపి, దూదికి పట్టించి, గోడవార కొబ్బరిచిప్ప కింద పెట్టాలి. పిట్టలకు అందదు. చీమలే దాన్ని పుట్టలోకి మోసుకెళ్లి రాణి చీమకు తినిపిస్తాయి, మెల్లగా పుట్టంతా చస్తుంది.

గ్రీజు పూస్తూ పూస్తూ జోగయ్య ఆగాడు. "రాటలకి పూస్తే సాలదమ్మా. అటు సూడు, బట్టల తాడు మీంచి దిగతన్నాయి."

"అది నాకు తట్టనే లేదు మావయ్యా," అని హేమ నవ్వేసింది. ఆయన తాడు విప్పాడు, గోడకు తగిలే తీగలు కోశాడు.

ఆరో రోజుకు చీమల బారు పలచబడింది. పదో రోజు ఉదయం పిల్లలు ఒక్కొక్కటే జామచెట్టు మీదికి ఎగిరాయి. ఆఖరిది తడబడి తవిటమ్మ భుజం మీద వాలింది. ఆవిడ ఊపిరి బిగబట్టి బొమ్మలా నిలబడిపోయింది. అది మళ్లీ ఎగిరి కొమ్మనందుకున్నాక ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. జోగయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"హేమా," అన్నాడు, మొదటిసారి పేరు పెట్టి. "సెప్పులేసుకో. సేనుకి రేపు మందు కొడదామనుకున్నాను. ఒకపాలి నువ్వొచ్చి సూసి, కొట్టాలో వద్దో సెప్పు."