గజిబిజాసురుడి గుహలో పాత గరిటెలు

కాంస్యపురాన్ని ఏలే చిత్రరథ మహారాజుకు లేక లేక ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ సంబరంలో ఆయనకు చాదస్తం కాస్త ముదిరింది. పగిలినవి, చిల్లుపడినవి ఇంట్లో ఉంటే అరిష్టమని పెద్దలు అంటుంటారు కదా, రాజుగారు ఆ మాట పట్టుకుని, పాత వంటసామాను ఏ ఇంట్లోనూ మిగలకూడదని చాటింపు వేయించారు. జనం గరిటెలు, జల్లెడలు, పోపుల పెట్టెలు బండ్లకెత్తి అడవిలో పారబోశారు. చిన్న బీట కనిపించిందని పాప ఉయ్యాలను కూడా ఆ బండ్లలోనే పడేశారు.

ఆ మర్నాటి నుంచి రాజ్యంలో వస్తువులు మాయం కాసాగాయి. తీసి పక్కన పెట్టిన గాజు మళ్లీ కనిపించదు. కత్తి ఎక్కడ పెట్టాడో తెలియక సేనాపతి వట్టి ఒరతో సభకు వస్తే అందరూ నవ్వుకున్నారు. కానీ ఒకనాడు, ఆ చేతి నుంచి ఈ చేతికి మారుతున్న పాపను ఎవరో ఒక్క క్షణం తివాచీ మీద దింపారు. తిరిగి చూస్తే పాప లేదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పాపను రోజూ ఆడించేది కంచు పాత్రలు చేసే కంచరి వారి అమ్మాయి పైడి. ఆ బోసినవ్వు లేని కోట ఆమెకు భరించరానిదయింది. పెద్దలు ప్రయాణానికి ముహూర్తం వెతుకుతుండగానే, ఉయ్యాల పోయిన చోటికే పాప కూడా పోయి ఉంటుందని ఆమె అడవి దారి పట్టింది.

దారిలో ఒక ముని పొదలన్నీ గాలిస్తూ కనిపించాడు.

"ఏం పోయింది తాతా?" అని అడిగింది పైడి.

"జపమాల, తల్లీ. ఇప్పుడే ఇక్కడ పెట్టాను. అంతా ఆ గజిబిజాసురుడి పని. తనకంటూ చోటు లేనిది ఏదైనా వాడి గుహకు చేరిపోతుంది. మీ వాళ్లు పారేసిన సామానుతో వాడి బలం మరీ పెరిగింది."

సామాను బండ్లలోంచి దారిలో జారిపడిన ఒక వంకర గరిటెను పైడి తీసి, చెట్టు తొర్రలో బిగించి, కమండలమైనా పోకుండా దానికి తగిలించింది. "ఇక దీని చోటు ఇదే తాతా. కనిపించిన చోటల్లా పెట్టకు" అంది. ముని మురిసిపోయి గుహకు దారి చూపించాడు.

కొంత దూరం పోయాక వాగు అడ్డం వచ్చింది. ఒడ్డున ఒక ఎలుగుబంటి దిగులుగా కూర్చుని, "తేనె తెచ్చి పెట్టడం, అది మాయమవడం. పస్తులతో చస్తున్నాను" అని మనిషిలాగే మొరపెట్టుకుంది. పైడి ఒడ్డున పడి ఉన్న ఒక సొట్ట చెంబుకు తీగ కట్టి కొమ్మకు వేలాడదీసింది. అందులో పోసిన తేనె ఎక్కడికీ పోలేదు. "బొచ్చు లాగావంటే నీళ్లలో పడేస్తాను" అని బెదిరిస్తూనే ఎలుగుబంటి ఆమెను వీపున ఎక్కించుకుని వాగు దాటించింది.

గుహ నిండా సామాను గుట్టగా పడి ఉంది. నడుమ గజిబిజాసురుడు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. పాపం, రెండో కాలు పెట్టడానికి వాడికి ఖాళీ లేదు. గుట్టలో ఎక్కడి నుంచో పాప ఏడుపు వినిపిస్తోంది.

"పాపను ఇచ్చెయ్యి మామా" అంది పైడి.

"ఎక్కడుందో నాకు తెలిస్తే కదా. పొద్దుగూకేలోగా ఇక్కడున్న ప్రతిదానికీ చోటు చూపించు, పాపను పట్టుకుపో. ఒక్కటి మిగిలినా నువ్వూ ఈ గుట్టలోకే. బయటి నుంచి పుల్ల కూడా తేకూడదు."

పైడి కొంగు బిగించింది. కూలకుండా పైనుంచి ఒక్కొక్కటే దించింది. పోపుల పెట్టెలోని ఒక గిన్నెలో ఉంగరాలు, ఇంకో గిన్నెలో ముక్కుపుడకలు వేసింది. ఇడ్లీ రేకుల గుంటల్లో పూసలు రంగుల వారీగా పోసింది. జల్లెడను గోడకు ఆనించి కన్నాల్లో జుంకాలు గుచ్చింది. గరిటెల కాడలు వంచి రాతి సందుల్లో దిగ్గొడితే కొక్కేలయ్యాయి, వాటికి కత్తులు వేలాడాయి. నోరు పగిలిన ఊరగాయ జాడీలో బాణాలు, వేణువులు నిలబడ్డాయి. చూస్తూ చూస్తూ రాక్షసుడికీ సరదా పుట్టింది.

"ఆ దువ్వెనలు ఇటియ్యి, అట్లపెనం మీద నేను పేరుస్తా" అన్నాడు.

గుట్ట అడుగున ఒరిగిన గంగాళంలో పాప దొరికింది. పైడిని చూడగానే ఏడుపు ఆపి నవ్వింది. పైడికి ప్రాణం లేచి వచ్చింది.

"ఆగు. ఇంకా ఈ పిల్ల మిగిలింది" అన్నాడు రాక్షసుడు. "ఈ గుహలో చోటు చూపిస్తే ఇక్కడే ఉండిపోతుంది. చూపించకపోతే నాది." అప్పటికి సూర్యుడు కొండ అంచుకు దిగాడు.

పైడి తడుముకోలేదు. పాపను ఎత్తి చంకనేసుకుంది.

"దీని చోటు ఇదే మామా. ఎత్తుకునే మనిషి చంక."

పాప ఆమె మెడను వాటేసుకుంది. రాక్షసుడు అది చూసి, "అవునే" అని ఒప్పుకున్నాడు. అప్పుడు గాని వాడు కిందికి చూసుకోలేదు. గుహలో నేల కనిపిస్తోంది. మెల్లగా రెండో కాలు దింపాడు, కూర్చున్నాడు, ఆపైన కాళ్లు బార్లా చాపి హాయిగా గురక పెట్టాడు. దాంతో మాయ వీగిపోయింది. తరువాత జనం తమ వస్తువుల కోసం వెళితే, ఏది ఎక్కడుందో వాడే గొప్పగా చూపించాడట.

కోటలో రాజు పాపను అందుకుని, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు. చాటింపు వెనక్కి తీసుకుని, పైడిని కోటలోని సామానంతటికీ అధికారిణిని చేశాడు. గుహ నుంచి తెప్పించిన ఉయ్యాలను ఆమె తండ్రి రేకు వేసి బాగు చేశాడు. అయినా రాజు పాపను అందులో పడుకోబెట్టనిస్తేగా! చంకనేసుకునే సభకు వచ్చాడు. పాప మీసం లాగుతుంటే తల అటూ ఇటూ తిప్పుకుంటూనే తీర్పులు చెప్పాడు. అలసిపోయారు, మేము ఎత్తుకుంటామని మంత్రులు చేతులు చాపితే, "ఇది దీని చోటు" అని ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాడు.