అటక మీది పడక

హ్వే ఇనుప షట్టర్ పైకి లేపి, నేలమీద ఎర్ర గూట్లో కూర్చున్న భూమిదేవుడి ముందు ఒక కప్పు నల్లకాఫీ పెట్టింది. పక్కనే ఉన్న ధనదేవుడికి రెండు అరటిపళ్ళు చాలు. భూమిదేవుడికి మాత్రం కాఫీ పడకపోతే గిరాకీ పంపడు. దేవుడితోనైనా సరే, ఇచ్చిందానికి తగ్గట్టు రాబట్టుకోవడమే ఆమె ఎరిగిన భక్తి.

దండం పెట్టుకుని వెనక్కి తిరిగి, ముందుగదిలో వరసగా నిలబెట్టిన మోటారుసైకిళ్ళ సందున చాప మీద పడుకున్న కూతుర్ని కాలితో తట్టింది.

"లేవే ఉయెన్. బళ్ళు బయటికి తియ్యాలి."

ఉయెన్ పెట్రోలు వాసన పట్టిన దుప్పటి మడిచింది. "అటక మీద నా మంచం నిన్నే ఖాళీ అయింది కదమ్మా. రాత్రి నేనక్కడ పడుకుంటే ఏం పోయేది?"

"అర్ధరాత్రి ఎవడైనా బెడ్డు కావాలని వస్తే నిన్ను లేపి దింపాలా? ఖాళీగా ఉంది కదాని కొట్లో సరుకు మనమే తింటామా?"

సైగాన్‌లో ఫామ్ ఙూ లావ్ వీధి వెనక సందులో వాళ్ళది ముందు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉండే నాలుగంతస్తుల ఇల్లు. పై మూడంతస్తుల్లో బంకు మంచాలు. వాటి మీద వీపున సంచులతో దేశాలు తిరిగే తెల్లవాళ్ళు. ఈ సందులో వాళ్ళని సంచిదొరలంటారు. సముద్రాలు దాటి విమానంలో వచ్చి, అరటిపళ్ళ ముసలమ్మ దగ్గర చిల్లర కోసం గీసిగీసి బేరమాడే రకం. ఉచితమని రాసి ఉన్న మంచినీళ్ళు ఐదారు సీసాల్లో నింపుకుపోతారు. ఉతకడానికిచ్చిన బట్టలు తడివే తూకం వేశావని పోట్లాడతారు. బీదరికం చూడ్డానికి వచ్చామంటారు. వాళ్ళ సంచి ఖరీదుతో ఆ బీదవాడి ఇంటికి కప్పు వేయొచ్చు. హ్వేకి వాళ్ళంటే మహా చులకన. వాళ్ళ మీదే బతుకుతున్నందుకు ఆ చులకన ఇంకాస్త పెరిగిందే గాని తగ్గలేదు.

ఆమె మొగుడు లోక్ గుమ్మం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని నూడుల్స్ పులుసు తాగుతున్నాడు. ఒకప్పుడు బళ్ళు బాగుచేసేవాడు. ఇప్పుడు పంజరంలో పిట్టని, ఇంట్లో పెళ్ళాన్ని వింటుంటాడు.

ఉయెన్ స్నానం చేసి వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని ఆమెకి. "అమ్మా, ఆదివారం క్వీ వాళ్ళమ్మగారు మా పెళ్ళి ఖాయం చెయ్యడానికి తాంబూలం పళ్ళెంతో వస్తున్నారు. ఆ పూటైనా దొరల్ని కిందికి రానివ్వకు."

"నాకు చెప్తున్నావా? చెడ్డీలతో దిగాడా, బకెట్ నీళ్ళు నెత్తిన పోస్తా. ఇంతకీ ఆవిడకి ఏమైనా ఉందా, ఒట్టి చేతులేనా?"

"టీచరుగా చేసి రిటైరయ్యారు. మామగారు పోయాక ఒక్కరే ఊళ్ళు తిరుగుతుంటారు."

"తిరుగుడు దేనికి? పింఛను అరక్కనా?"

ఉయెన్ బండి తీసి పనికి బయల్దేరింది.

ఆమె సందు మలుపు తిరిగిన కాసేపటికే ఒక పెద్దావిడ గుమ్మం ముందు ఆగింది. తెల్ల మనిషి కాదు, వియత్నామీయే. తలకి గుడ్డటోపీ, కాళ్ళకి రబ్బరు చెప్పులు, వీపున మాత్రం అచ్చం దొరల సంచి.

"చెల్లెమ్మా, ఒక్క మనిషికి బెడ్డు దొరుకుతుందా? రాత్రి బస్సుకి వచ్చాను."

పొద్దున్నే మొదటి గిరాకీ. దాన్నిబట్టే రోజంతా నడుస్తుందని సైగాన్‌లో బఠాణీలు అమ్మేవాడు కూడా నమ్ముతాడు. బోణీ చేసేవాడు ఏదో ఒకటి కొనాలి, నసగకుండా డబ్బివ్వాలి. హ్వే మొహం నిండా నవ్వు పులుముకుని, గుమ్మం పక్కనున్న కూజాలోంచి ఐసు టీ గ్లాసులో పోసి ఇచ్చింది. ఆ టీ సందులో రిక్షావాడు కూడా తాగిపోతాడు.

"ఉందక్కా. ఒంటరి ఆడవాళ్ళకని విడిగా ఒకటి ఉంచాను. రండి, చూపిస్తా."

వంటింటి పైన అటక. నిచ్చెనెక్కి, నడుం వంచి వెళ్ళాలి. రేకుల కప్పు కింద ఒక మంచం, గోడకి ఫ్యాను, ఒక దిండు.

"గలీబు చూడండి," అంది హ్వే దిండు తట్టి. "చేత్తో కుట్టిన గుమ్మడిపూలు. పెద్ద హోటళ్ళలో కూడా ఇలాంటిది వెయ్యరు."

ఆవిడ దిండు చేతిలోకి తీసుకుంది. కుట్టుపువ్వు మీద బొటనవేలితో చాలాసేపు రాసింది. "ఇక్కడ మామూలుగా ఎవరు పడుకుంటారు?"

"ఎవరు డబ్బిస్తే వాళ్ళు."

ఆవిడ దిండుని ఉన్నచోటే సర్ది పెట్టి, నిచ్చెన దిగింది.

"రాత్రికి నూట ఇరవై వేల డాంగులు," అంది హ్వే. "మీరు బోణీ కాబట్టి నూటికే వేసుకుంటా."

"ముప్పై వేలిస్తాను."

హ్వే నవ్వు అక్కడే ఆరిపోయింది. "ముప్పైకి సెంటర్లో కాఫీ వస్తుందక్కా. మంచం రాదు."

"అయితే వద్దులే, చెల్లెమ్మా."

ఆవిడ సగం తాగిన గ్లాసు చేతిలోనే ఉంది. హ్వే దాన్ని తీసేసుకుని, టీ మురిక్కాలవలో పారబోసింది. "వాలకం చూస్తేనే అనుకున్నాను. దొరలంటే సరే, సిగ్గు లేదు. నీకేమైంది? ఈ వయసులో సంచి తగిలించుకుని గుమ్మం గుమ్మం ధర అడుక్కోవడం."

ఆవిడ గుమ్మం దిగిందో లేదో, హ్వే పాత పేపరు ఉండచుట్టి, అగ్గిపుల్ల గీసి, మంటని గడప మీద అటూ ఇటూ తిప్పింది. "మంచి అడుగైతే ఉండు, పాడు అడుగైతే పో." మంట దాటి లోపలికీ బయటికీ అడుగేసింది. బేరం చెడగొట్టిన బోణీకి ఈ సందులో చేసే శాంతి అదే.

"ఇంకాస్త ఆగి వెలిగించాల్సింది," అన్నాడు లోక్. "ఆవిడ ఇంకా మలుపు తిరగలేదు. నిలబడి చూస్తోంది."

"చూడనీ. బుద్ధొస్తుంది."

ఆదివారం వచ్చింది. హ్వే ఉదయమే బళ్ళన్నీ పక్కింట్లో పెట్టించింది. ముందుగది కడిగించి, ఎర్ర బల్లగుడ్డ పరిచి, ఊదారంగు పొడుగు గౌను తొడుక్కుంది. కూతురి పెళ్ళికని కొన్న బంగారు గొలుసు తానే వేసుకుంది. అవతలివాళ్ళకి కనపడితే మాట బరువు పెరుగుతుందని లెక్క. మధ్యాహ్నం వరకూ ఎవడైనా కిందికి దిగితే గది ఖాళీ చేయిస్తానని పై అంతస్తుల్లో చాటింపు వేసింది.

వాకిట్లో ట్యాక్సీ ఆగింది. ముందు క్వీ దిగాడు. చేతుల్లో ఎర్రగుడ్డ కప్పిన పళ్ళెం. వక్క, తమలపాకులు, టీ పొట్లాలు, మిఠాయి. వెనకాల నీలం గౌనులో అతని తల్లి లియెన్. నున్నగా దువ్విన తల, కాళ్ళకి అవే రబ్బరు చెప్పులు.

హ్వే చెయ్యి గొలుసు మీదకి పోయి అక్కడే ఉండిపోయింది.

"రండి వదినగారూ," అన్నాడు లోక్. అతనూ గుర్తుపట్టాడు. పిట్ట పంజరం వైపు చూపు తిప్పుకున్నాడు.

పళ్ళెం బల్ల మీద పెట్టారు. ఉయెన్ టీ తెచ్చింది. లియెన్ గ్లాసు అందుకుని, వాన గురించి మాట్లాడింది, బస్సు గురించి మాట్లాడింది, సైగాన్‌లో తోవ తప్పడం గురించి నవ్వుతూ చెప్పింది. శుక్రవారం పొద్దుటి బోణీ ఊసు ఎత్తలేదు. హ్వే పుట్టి పెరిగింది సంతలో. ధర చెప్పకుండా కూర్చున్నవాడు ఎక్కువ గుంజడానికే కూర్చుంటాడని ఆమెకి తెలుసు. ఆ మౌనం అరగంట కూడా మొయ్యలేకపోయింది.

"ఏదో మనసులో పెట్టుకుని టీ తాగడమెందుకు, వదినగారూ? కడిగెయ్యండి. నా ఇల్లు వాసన చూడ్డానికి మారువేషం వేసుకుని వచ్చారు కదా మొన్న?"

క్వీ తలెత్తాడు. "మొన్నా? అమ్మా, శుక్రవారం నువ్వు ఇక్కడికొచ్చావా?"

"వచ్చాను రా. నువ్వు నలుగురితో గది పంచుకుంటున్నావు, నీ దగ్గరికెలా వస్తాను? ఎక్కడో డబ్బిచ్చి పడుకునేదాన్ని, వీళ్ళకే ఇస్తే సరిపోతుంది, ఆదివారం చెప్పి నవ్వుకుందాం అనుకున్నాను. పేరు చెప్పకపోవడం నా తప్పే." హ్వే వైపు తిరిగింది. "మారువేషం కాదు వదినా. నాలుగేళ్ళుగా నేనున్నదే అలా. బ్యాంకాక్‌లో, కౌలాలంపూర్‌లో ఇంతకంటే చవక గుమ్మాల ముందు నిలబడ్డాను."

"నిలబడి, కాఫీ ధరకి మంచం అడిగారా అక్కడ కూడా? బోణీ చెడగొడితే ఏ అమ్మకందారైనా గడప ముందు కాగితం కాలుస్తుంది. అది మిమ్మల్ని అన్నది కాదు, ఆచారం."

ఉయెన్ కెటిల్ బల్ల మీద పెట్టేసింది. "అత్తయ్యగారి వెనకాల కాగితం కాల్చావా?"

"అత్తయ్యగారని మొహాన రాసుందా?"

"కాగితానిదేముంది లేమ్మాయ్," అంది లియెన్. "మా అమ్మ చేపలమ్మేది. రోజుకొకటి కాల్చేది. గ్లాసు లాక్కున్నందుకు మాత్రం కాస్త బాధేసింది, అబద్ధమెందుకు. అయినా ముప్పై వేలన్నది బేరమాడ్డానికి కాదు వదినా. మీరు వద్దనాలనే అన్నాను."

"వద్దనాలనా?"

"ఆ గలీబు నేనే కుట్టి, కొత్తసంవత్సరానికి ఉయెన్‌కి పంపాను. అంటే ఆ మంచం ఎవరిదో తెలిసిపోయింది. పిల్ల మంచం మీద డబ్బిచ్చి ఎలా పడుకోను? మీతో ఆ మాట అనలేకపోయాను. తక్కువ ధర చెప్పి బయటపడ్డాను."

పైనుంచి దొరల రేడియో వినపడుతోంది.

హ్వేకి చెమట పట్టింది. లెక్క తప్పినప్పుడు గొంతు పెంచడం ఆమెకి అలవాటు. "ఆ మంచం అద్దె నేను తింటున్నానా? ఇదిగో, ఈ గొలుసు. ప్రతి డాంగూ దీని మెడలోకే పోతోంది. మీ ఇంటికే తెచ్చుకుంటుంది."

"మెడలోకి పోతోందమ్మా, నిజమే," అంది ఉయెన్. ఆమె గొంతు పెంచలేదు. "ఆ మెడ ఏ దిండు మీద పెట్టుకోవాలో ఎప్పుడైనా అడిగావా? సీజన్ అయిపోయేదాకా చాప మీద పడుకోమన్నావు. కాలేజీ అయిపోయింది, ఉద్యోగమొచ్చింది, సీజన్ అయిపోలేదు. దొరలంటే నీకు అసహ్యం. వాళ్ళు డబ్బు చూసుకుని బతుకుతారంటావు. వాళ్ళకైనా రాత్రికి మంచముంది."

"నీ కోసమే కదే..."

"పెళ్ళిరోజున పిల్లని తన గదిలోంచి తల్లి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తుంది. క్వీ వాళ్ళు ఈ బల్ల దగ్గర నిలబడి చూస్తుంటారు. నన్ను ఏ బండి వెనకనుంచి తీసుకొస్తావమ్మా?"

హ్వే బల్లగుడ్డ అంచు సర్దసాగింది.

"పళ్ళెం తీసుకెళ్ళండి అత్తయ్యా," అంది ఉయెన్. "ఇప్పుడు కాదు. నాకు సిగ్గుగా ఉంది."

క్వీ తల్లి వైపు చూశాడు. పళ్ళెం వెనక్కి పోతే సంబంధం చెడినట్టే, మళ్ళీ కలపడం కష్టం. లోక్ స్టూలు మీదనుంచి లేచాడు. "అది ఒక్కతే చేసిందా ఇదంతా? చాప పరిచి ఇచ్చింది నేనే కదా," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా.

లియెన్ లేవలేదు. పళ్ళెం మీది ఎర్రగుడ్డ తనే తీసింది. తమలపాకు, వక్క తీసి రెండు చేతులతో హ్వే ముందు పట్టుకుంది.

"నేను మొహమాటపడి ధర తగ్గించి చెప్పాను, మీరు కోపంతో గ్లాసు లాక్కున్నారు. ఇద్దరం తప్పు బేరమే చేశాం. తీసుకోండి వదినా. మీ అమ్మాయి నాకు కావాలి."

హ్వే ఆకు అందుకుంది. నోట్లో పెట్టుకోబోయి, పెట్టుకోలేక, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ బెల్లం పాకంలో చేప ఉడుకుతోంది. మూత తీసి పొగలోకి మొహం పెట్టి నిలబడింది. కళ్ళు మండితే చేప మీద తోసెయ్యొచ్చు.

భోజనాలయ్యాయి. పులుపు చారు రెండోసారి అడిగి పోయించుకుంది లియెన్. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చే వేళ. హ్వే తన పెద్దమంచం దులిపి లియెన్‌ని పడుకోమంది. లోక్, క్వీ ముందుగదిలో చాప వేసుకున్నారు. పై అంతస్తుల్లో డబ్బిచ్చినవాళ్ళు గురక పెడుతున్నారు. ఇంటి యజమానురాలికి మిగిలింది అటక.

నిచ్చెనెక్కి పడుకుంది. రేకు సెగ సరిగ్గా మొహం మీద దిగుతోంది. లేచి కూర్చోబోతే నెత్తి దూలానికి కొట్టుకుంది. ఫ్యాను గాలి పాదాల దగ్గరే ఆగిపోతోంది. మెట్ల మీద ఎవడు నడిచినా చెక్క చెవిలో దబదబలాడుతోంది. ఈ మంచానికి "గాలి బాగా వస్తుంది" అని ఆమె ఎంతమందికి చెప్పిందో. ఒక్కరోజైనా ఎక్కి పడుకోలేదు.

ఉయెన్ తల నిచ్చెన మీదుగా కనిపించింది. తల్లిని చూసి దిగబోయింది.

"రా," అంది హ్వే గోడవైపు జరిగి. "ఇద్దరికీ చాలదని నాకూ తెలుసు. రా."

ఉయెన్ పక్కన ఒత్తిగిలి పడుకుంది. ఇద్దరి భుజాలూ చెమటకి అంటుకున్నాయి.

"ఎలా పడుకున్నావే ఇక్కడ?"

"ఇక్కడ బాగానే ఉండేదమ్మా. తలుపు లేకపోయినా నాదే కదా."

హ్వే కూతురి తల కిందకి దిండు జరిపింది. చెయ్యి అక్కడే, ఆ జుట్టులోనే ఉండిపోయింది. కన్నీళ్ళు చెవిలోకి జారుతుంటే తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి.

కింద గుమ్మం దగ్గర గంట మోగింది. వచ్చీరాని వియత్నామీలో ఎవడో సంచిదొర కేకేశాడు. బెడ్డు కావాలట. అటక మీదిదైనా ఫర్వాలేదట. ఎవరో వాడికి చెప్పారట, గాలి బాగా వస్తుందని. మామూలు ధర కంటే ఎక్కువే ఇస్తాడట.

"చూసుకో అమ్మా," అంది ఉయెన్ లేవబోతూ. "నేను దిగుతాను."

హ్వే కూతుర్ని భుజం పట్టి వెనక్కి పడుకోబెట్టింది. నిచ్చెన కన్నంలోంచి తల బయటికి పెట్టి, సందంతా వినపడేలా అరిచింది.

"ఖాళీ లేదు పొమ్మను. మా అమ్మాయి పడుకుంది."