పోచయ్య విప్పిన పంపు

పొద్దున్నే చీపురు చేతిలోకి తీసుకున్న విజయమ్మ, గుర్తొచ్చి దాన్ని మళ్లీ తలుపు వెనక పెట్టేసింది. ఇంట్లో ట్రాక్టర్ పంపు విప్పి ఉంది. పంపు విప్పి ఉన్నన్ని రోజులు ఇల్లు ఊడవకూడదు, ఫ్యాను వేయకూడదు, దుప్పట్లు దులపకూడదు, పిండి జల్లించకూడదు. ఆమె పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే మొగుడు పోచయ్య పెట్టిన రూలు ఇది. డీజిల్ పంపులో నలకంత దుమ్ము పడినా ఖరాబవుతుందట. ఆయన పనిచేసిన దుకాణంలో అయితే దానికోసం గాజు తలుపుల గది ఉండేది. ఇక్కడ హాలే ఆ గది. ఇంట్లోవాళ్లంతా దుమ్ము కింద లెక్క.

"అత్తమ్మా, ఉక్కకు పాణం పోతున్నది. కిటికన్న తెరువనా?" చున్నీతో మెడ తుడుచుకుంటూ అడిగింది కోడలు కృతిక.

"నన్నడుగుతవేందే? మీ మామయ్యనడుగు."

"తెరువద్దు!" హాల్లోంచి పోచయ్య కేక వినబడింది.

అడగకముందే జవాబు. ఈ మనిషితో ఇన్నేళ్లు ఎట్లా వేగానో అనుకుంటూ విజయమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టింది.

పోచయ్య సిద్దిపేటలో పంపుల మేస్త్రీ. ట్రాక్టర్లు, బోరు లారీలు, కోత మిషన్లు, దేని పంపు చెడినా ఆ దుకాణానికే వచ్చేవి, పోచయ్య చేతి కిందికే వచ్చేవి. ఇంజనుకు డీజిల్ కొలిచి కొట్టేది ఆ పంపే. అది బాగుంటేనే బండి బండి. నిరుడు ఉన్నట్టుండి పని మానేశాడు. ఎందుకని అడిగితే, సేటుతో కొట్లాడానన్నాడు. కొడుకు నిఖిల్ నమ్మాడు. ఊరంతా నమ్మింది. విజయమ్మ మాత్రం ఆనాటి నుంచి మొగుడికి చాయ్ సగం గ్లాసే పోస్తోంది. నిండుగా పోస్తే తొణుకుతుంది. ఎందుకు సగమే అని ఆయన అడగడు, ఆమె చెప్పదు.

సగం గ్లాసు తీసుకెళ్లి ఇచ్చింది. పోచయ్య రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

నిఖిల్ పొలం నుంచి బురద కాళ్లతో వచ్చి గడపలోనే నిలబడిపోయాడు. "బాపూ, నారు ముదురుతున్నది. ఇంకెన్నొద్దులు? సిద్దిపేట తీస్కపోతె సాయంత్రానికి చేసిస్తరు. టెస్ట్ బెంచి మీద పెట్టి మరీ చూస్తరు. మనింట్ల బెంచి ఉన్నదా?"

"నా చెవే బెంచిరా! ఆడ పనిజేసేటోళ్లు నేను నేర్పిన పోరగాండ్లు. వాండ్లు జేసుడు, నేను కూసొని సూసుడా?"

"నేర్పితే ఏమాయె? ఇప్పుడు వాండ్లే జేస్తున్రు గద. మడి దున్ని కరిగెట జెయ్యకుంటె నాట్లెట్ల పడతయ్? ఊళ్లె కిరాయికి ఒక్క బండి దొరుకుతలేదు. కోహెడల మామ గూడ మన బండి కోసమే సూస్తుండు."

"రేపు పొద్దుగాల బండి పొలంల ఉంటది. ఇగ నోరు మూసుకో."

నిఖిల్ నోరు మూసుకోలేదు. తండ్రీకొడుకులు అట్లా అరుచుకుంటుంటే కృతిక ఉప్మా గిన్నె పట్టుకుని నిలబడింది. టేబుల్ మీద గిన్నె పెట్టేంత జాగా లేదు. మధ్యలో పెద్ద స్టీలు పళ్లెం, అందులో డీజిల్ పోసిన మూడు చిన్న గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో జత. సన్నటి ఇనుప కడ్డీ, అది దూరే గొట్టం. ఒకదాని కడ్డీ ఇంకోదాని గొట్టంలో పెడితే పంపు పనికిరాదు. చూడటానికి మూడూ ఒక్కలాగే ఉంటాయి. ఏది ఎవరి జతో ఆ గిన్నెలే చెప్పాలి. కృతిక ఉప్మా పక్కన పెట్టి, పళ్లేన్ని ఉన్నదున్నట్టు రెండు చేతులా లేపి కిటికీ అరుగు మీద పెట్టింది.

"పైలం!" అన్నాడు పోచయ్య.

"పైలంగనే పెట్టిన మామయ్యా."

అది అందరూ చూశారు. ఆ తర్వాత జరిగింది మాత్రం విజయమ్మ ఒక్కతే చూసింది.

అన్నం వార్చి పప్పులోకి ఉప్పు వేస్తుంటే హాల్లో ఖంగుమని చప్పుడైంది. వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది. పోచయ్య పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతులు టకటకా కొట్టుకుంటున్నాయి. మూడు గిన్నెలూ బోర్లాపడి, కడ్డీలూ గొట్టాలూ ఒక్క డీజిల్ మడుగులో దొర్లుతున్నాయి. ఆయన తలెత్తాడు. ఆమెను చూశాడు. ఆమె ఏమీ అనకుండా వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. పదిమందిలోనే కాదు, నలుగురిలో కూడా మొగుడిని ఒక్క మాట తక్కువ చేయడం ఆమెకు చేతకాదు. పప్పులో ఉప్పు రెండోసారి వేసింది.

కాసేపటికి తొంగిచూస్తే ఆయన జతలు కలుపుతున్నాడు. అందాజుగా. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి.

సాయంత్రానికి పంపు బండికి ఎక్కింది. మడి దున్నే దమ్ము చక్రాలు ముందే బిగించి పెట్టాడు నిఖిల్. ఇంటి ముందు అందరూ నిలబడ్డారు. సెల్ఫు కొడితే ట్రాక్టర్ దగ్గింది, తుమ్మింది, తెల్లటి పొగ వదిలింది. ఎట్లాగో అందుకున్నా ఇంజను కుంటుతూనే ఆడింది. నిఖిల్ గేరు వేసి క్లచ్ వదిలాడో లేదో, చక్రం అర్ధచుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆగిపోయింది.

"ఏమైంది బాపూ?"

పోచయ్య బానెట్ మీదికి వంగి చాలాసేపు చూశాడు. చూడటానికి ఏముందని? ఆయనకు తెలియదా? లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంటివైపు తిరిగాడు.

"జతలు ఒగదాంట్లొకటి కలిసినయ్. పొద్దుగాల పళ్లెం ఎవలు ముట్టిన్రు?"

విజయమ్మ గిర్రున మొగుడి వైపు తిరిగింది.

"నేనే మామయ్యా," అంది కృతిక. "మీరు సూస్తనే ఉన్నరు గద. ఉన్నదున్నట్టు లేపి కిటికి కాడ పెట్టిన."

"ఉన్నదున్నట్టు పెడితె జతలెట్ల కలిసినయ్?"

"నాకేమెర్క? నేను గిన్నెలల్ల చెయ్యి గూడ పెట్టలే."

"చెయ్యి పెట్టకుంటె అవే లేసి ఒగదాంట్లెకెంచి ఒగదాంట్లెకు పోయినయా?"

నిఖిల్ ట్రాక్టర్ దిగి విసురుగా వచ్చాడు. ఆ కోపం ఎవరి మీద చూపాలో వాడికీ తెలియదు, దొరికినవాళ్ల మీద చూపాడు. "నువ్వెందుకు ముట్టినవ్ కృతికా? బాపు పంపు విప్పినప్పుడు ఎవ్వలం ముట్టం గద! రేపు నాట్లకు కూలోళ్లు వస్తున్రు, వాండ్లకేం జెప్పాలె?"

కృతిక మొగుడి వంక చూసింది. మామగారి చేతుల వంక ఒక్కసారి చూసి కళ్లు దించేసింది.

అంతలో పోచయ్య ఫోన్ మోగింది. కోహెడ నుంచి విజయమ్మ అన్న సిద్ధయ్య. బండి ఎప్పుడొస్తుందని.

"ఏం జెప్పాలె బావా," అన్నాడు పోచయ్య గట్టిగా, అందరికీ వినబడేలా. "నేను మంచిగనే చేసిన. మా కోడలు ముట్టింది. సామానంత కలిపేసింది. ఇగ చూస్కో, నీ పొలం, నా పొలం రెండు ఆగిపాయె."

విజయమ్మకు కాళ్ల నుంచి నెత్తి దాకా మంట లేచింది. తన అన్న ఒక్కడే వింటే ఫర్వాలేదు. పక్కన వదిన ఉంటుంది. తెల్లారేసరికి కోహెడలో సగం ఊరికి తెలుస్తుంది. రేపు ఏ పెళ్లికి పోయినా, పంపు ఖరాబు చేసిన కోడలంటే ఈమేనా అంటారు. ఆ పిల్ల జీవితాంతం మోయాలి ఆ మాట. ఎవరి కోసం? తను పొద్దున నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి పోయినందుకు!

"ఫోన్ పెట్టెయ్."

"ఏందే?"

"పెట్టెయ్యమన్న!" చేతిలోంచి లాక్కుని తనే కట్ చేసింది. "ఆ పిల్ల కలుపలే. నువ్వు కలిపినవ్. నేను జూసిన. నేను జూసుడు నువ్వు జూసినవ్. అబద్ధమైతె నా మొఖంల జూసి చెప్పు!"

"నోర్ముయ్!" పోచయ్య చేతిలో పానా నేలకేసి కొట్టాడు.

"ముయ్య! ఇన్నేండ్లు మూసింది సాలు. నీ చేతులు వణికినయ్, పళ్లెం బోర్ల పడ్డది. వణికితె వణికినయ్, అది నీ తప్పా? కని దాన్ని ఆడివిల్ల మీద వెడ్తవా? సిగ్గనిపిస్తలేదా?"

"చేతులు వణుకుడేంది?" నిఖిల్ ఇద్దరి వంకా చూశాడు.

పోచయ్య మొహం నల్లబడింది. కొడుకు ముందు బయటపడిపోయాడు. ఆ మంటంతా భార్య మీదికి తిప్పాడు. "అంత తెల్సినదానివి లోపల్లోపల నవ్వుకున్నవ్ కదనే ఇన్నొద్దులు? సాటుకు నా అంగీలన్నిటికి గుండీలు తీసేసి టిచ్చు బటన్లు కుట్టినవ్. గుండీ పెట్టుకునుడు గూడ రాదు ఈనికని!"

విజయమ్మకు అర్థం కాలేదు. "నేనెక్కడ కుట్టిన? నువ్వే దర్జీ కాడ కుట్టిచ్చుకున్నవనుకున్న. అడిగితె బాధపడుతవని అడుగలే."

"నేను ఏ దర్జీ కాడికి పోలే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంట్లో కుట్టు మిషన్ ఒక్కటే. దాని పక్కన గుండీల డబ్బా ఒక్కటే. ఊళ్లో వాళ్లకు జాకెట్లు కుట్టేది ఒక్కతే.

విజయమ్మ నెమ్మదిగా కోడలి వైపు తిరిగింది. "ఎప్పటిసంది ఎర్క బిడ్డా నీకు?"

కృతిక తలవంచుకునే చెప్పింది. "బతుకమ్మకు నిఖిల్ కొత్తంగి తెచ్చిండు గద. మామయ్య తొడుక్కున్నడు. ఎంతసేపైనా గుండీ పడలే. అంగి ఇడిసి మళ్ల పాతదే ఏసుకొని, ఇది బిగుతున్నదన్నడు. తలుపు సందుల నుంచి సూసిన. బిగుతు లేదది."

"మరి ఇప్పుడెందుకు జెప్పలే? అందరు నీ మీదికి వస్తుంటె ఒక్క మాటంటె అయిపోవు గద!"

"ఎట్లంటా అత్తమ్మా?" కృతికకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "మీ అందరికి ఎర్కున్నదో లేదో నాకేం తెలుసు? కొడుకు ముంగట ఆయన చేతులు వణుకుతయని నేననాల్నా? అన్నంక మళ్ల వాపసు తీసుకోవస్తదా? నేను దాపెట్టిన. కని మామయ్య దాన్ని నా మీదనే ఏస్తడనుకోలే." మొగుడి వైపు తిరిగింది. "నువ్వన్న ఒక్కసారి అడిగినవా, నిజంగ నువ్వేనా అని?"

నిఖిల్ వంగి, కింద పడ్డ పానా తీశాడు.

పోచయ్య అట్లాగే దమ్ము చక్రానికి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఇందాక వెనక్కి కట్టుకున్న చేతులు ఒళ్లోకి వచ్చాయి. అవి వణుకుతూనే ఉన్నాయి, ఇక దాచలేదు. తొడుక్కున్న అంగీ బటన్ల వంక చూసుకున్నాడు. ఒక్కో బటన్ చుట్టూ సన్నటి కుట్టు, పాత గుండీ ఆనవాలు కనబడకుండా. రోజూ పొద్దున అవి టక్కుమని పడుతుంటే తను ఎంత హాయిగా ఊపిరి పీల్చుకునేవాడో ఆయనకు గుర్తొచ్చి ఉండాలి. కళ్లల్లో నీళ్లు తిరిగి గడ్డంలోకి జారాయి.

"కృతికా," అన్నాడు చివరికి. "మీ అత్తమ్మ కాడ ఫోన్ తీసుకో. సిద్ధయ్య బావకు కలుపు బిడ్డా."

కృతిక కదల్లేదు. విజయమ్మ ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. అప్పుడు కలిపింది, స్పీకర్ మీద పెట్టి పట్టుకుంది.

"బావా, ఇందాక నేను చెప్పింది అబద్ధం," అన్నాడు పోచయ్య. "మా కోడలు ఏం జెయ్యలే. నేనే కలిపిన. నా చేతులు వణుకుతున్నయ్ బావా. దుకాణం గూడ కొట్లాడి మానలే. వణుకుతున్నయనే మానిన."

"గింత సంగతి నాకన్న జెప్పకపోతివి పోచయ్యా," అన్నాడు అవతల సిద్ధయ్య.

"ఇప్పుడు చెప్తున్న. మీ ఇంట్ల అక్కను పిలిచి ఆమెకు గూడ చెప్పు. మా కోడలు పేరు ఎక్కడ వోయిందో, ఆడిదాక ఇది గూడ పోవాలె."

మరునాడు పంపు పట్టుకుని నిఖిల్, పోచయ్య సిద్దిపేట పోతుంటే విజయమ్మ కూడా ఆటో ఎక్కింది. పంపు పని అయ్యాక దవాఖానకు తీసుకుపోవాలి. చేతులు ఎవరికీ చూపించకుండా ఇంట్లోనే ఎన్నాళ్లు దాచుకుంటాడు? ఈసారి ఆయన కాదనలేదు.

దుకాణంలో పిల్లలు లేచి నిలబడి, "ఉస్తాద్, లోపలికి రాండ్రి," అన్నారు. పోచయ్య చెయ్యి అడ్డంగా ఊపి, గాజు తలుపు బయట గిరాకీల బల్ల మీద కూర్చున్నాడు. జీవితమంతా ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లను లోపలికి రానియ్యనివాడు ఆయనే. లోపల పంపు విప్పుతుంటే మెడ సాచి చూశాడు. ఒక జత గీసుకుపోయిందని, కొత్తది వేస్తామని చెప్పారు. "మూడు కలిపింది నేనే," అన్నాడు పోచయ్య, ఎవరూ అడగకుండానే.

నిండు గ్లాసులతో చాయ్ వచ్చింది. విజయమ్మ అలవాటుగా సగం వంచబోయింది.

"ఉండనియ్," అన్నాడు. తాగాడు. సగం నోట్లోకి, సగం అంగీ మీదికి. దుకాణమంతా చూసింది. విజయమ్మకు ఏడుపొచ్చింది, తిట్టింది. "ఊది తాగరాదు? తొందరేముంది?"

ఇంటికి వచ్చేసరికి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బండలు తళతళలాడుతున్నాయి. కృతిక మొహంలో నిన్నటి కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇల్లు ఊడ్చిన మామయ్యా," అంది. "ఎవల్ని అడుగలే."

"మంచిగ చేసినవ్ బిడ్డా."

"ఆ అంగి ఇడువుండ్రి. చాయ్ మరక ఎండితె పోదు."

ఎప్పుడూ గది తలుపేసుకుని అంగీ మార్చుకునే మనిషి, హాలు మధ్యలో అందరి ముందు నిలబడి బటన్లు లాగాడు. టక్, టక్, టక్. వణికే చేతులతోనే అంగీ తీసి కోడలి చేతికిచ్చాడు.