పెద్దులు షెడ్డు ముందు పది చప్పుళ్ళు

కోస్గి నుంచి మహబూబ్‌నగర్ పోయే దారిలో పెద్దులు షెడ్డు దగ్గర, పొద్దుగూకాక ఎవరూ బండి ఆపరు. టైరు పంక్చరైనా సరే, రిమ్ము మీదే ఈడ్చుకుంటూ ముందుకు పోతారు. చుట్టూ బండరాళ్ళు, ఒక తుమ్మచెట్టు, తుప్పుపట్టిన రేకుల షెడ్డు... లోపలి నుంచి సరిగ్గా పది చప్పుళ్ళు వస్తాయట. టక్... టక్... పది కాగానే ఆగిపోతాయి.

ఆ తర్వాత ఒక ఆడమనిషి పిలుస్తుంది.

పిలిచాక ఏమవుతుందో చెప్పేవాళ్ళు మాత్రం లేరు. ఆ పిలుపు విని నిలబడ్డవాళ్ళు ఉంటే కదా!

నేను ఇలాంటివి నమ్మనని బడిలో పిల్లల ముందు గొప్పలు పోయేవాణ్ణి. ఆ గొప్పలు ఇప్పుడెందుకులెండి. మొన్న నా పాత డీజిల్ కారు సిలిండర్ హెడ్డు పగిలి, కోస్గిలో మెకానిక్ ఎల్లేష్ దగ్గర రోజంతా కూర్చోవలసి వచ్చింది. అక్కడే నవీన్ కలిశాడు. రైతు, ట్రాక్టరు పని మీద వచ్చాడు. విప్పి పక్కన పెట్టిన నా హెడ్డును చూసి, "గీ హెడ్డు తిప్పలు నాకెరికే సార్," అంటూ మొదలుపెట్టాడు.

నాలుగేళ్ళ కిందటి సంగతి. నవీన్ కారు కూడా పాత డీజిల్ బండే. దానికి ఆరోజే ఎల్లేష్ వేరే హెడ్డు బిగించాడు. హెడ్డు మార్చే పని అంతటితో అయిపోదు. ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక, పది బోల్టులూ మళ్ళీ బిగించాలి. లేకపోతే సందుల్లోంచి నీళ్ళు కారిపోయి ఇంజన్ ఉడికిపోతుంది. "రేపు పొద్దుగాల్ల తప్పకుండ తీస్కరా," అని ఎల్లేష్ రెండుసార్లు చెప్పాడట.

ఆ సాయంత్రమే నవీన్ భార్య నిరోషకు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా ఇరవై రోజులు గడువుంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అంబులెన్సు ఎక్కడో వేరే ఊళ్ళో ఉందన్నారు. ఇంక ఆగలేదు. భార్యను, తల్లి అరుణమ్మను వెనక సీట్లో ఎక్కించుకుని మహబూబ్‌నగర్ దారి పట్టాడు.

సరిగ్గా పెద్దులు షెడ్డు ముందుకు రాగానే... ఇంజన్ వేడిని చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి. ఇంజన్ ఆగిపోయింది.

ఫోన్లో సిగ్నల్ లేదు. దూరంగా ఒక వ్యాను లైట్లు కనిపిస్తే, నడిరోడ్డు మీదికి ఉరికి రెండు చేతులూ ఊపాడు. వ్యాను నెమ్మదించింది... పక్కనున్న షెడ్డును చూసింది... రయ్యిమని పోయింది. తర్వాత ఒక బైకు. వెనక కూర్చున్నామె కెవ్వుమంది— "దయ్యం! దయ్యం!"

"వాళ్లు సూసిన దయ్యం నేనే సార్," అని నవ్వాడు నవీన్. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

చేతిలో నీళ్ళ సీసా ఉంది. కానీ కాలుతున్న ఇంజన్లో చల్లని నీళ్ళు పోస్తే హెడ్డు మళ్ళీ పగులుతుంది. అది చల్లారేదాకా చేసేదేమీ లేదు. వెనక నిరోష పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. మనిషి పుట్టుక పుట్టి అంత చేతగానివాణ్ణయ్యానని, సీసా పట్టుకుని అక్కడే ఏడ్చేశాడట.

అప్పుడు వినబడింది.

టక్...

"లెక్కపెట్టకు బిడ్డా..." అరుణమ్మ గొణిగింది.

కానీ చెవులు వింటాయా? ఏడు... ఎనిమిది... తొమ్మిది... పది.

అంతా నిశ్శబ్దం. షెడ్డు తలుపు కిర్రుమంది.

"ఆగుండ్రి బిడ్డా... ఉరకకుండ్రి..."

నవీన్ నాలుగడుగులు పరుగెత్తాడు కూడా. దాచకుండా చెప్పాడు. కానీ నిరోషను వదిలి ఎక్కడికి పోతాడు? వెనక్కి వచ్చి కారు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

ఒక ముసలామె వస్తోంది. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో పొడుగాటి రెంచి. నవీన్ ముందు ఆమె కాళ్ళు చూశాడు— పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. ముందుకే ఉన్నాయి. అరిగిన రబ్బరు చెప్పులు వేసుకుని ఉంది.

"హెడ్డు మార్చినంక రెండోసారి బిగియ్యలేదా?" అని అడిగింది.

"లే... లేదు పెద్దవ్వా."

"జర సల్లారనియ్యి. నీళ్లు పొయ్యకు."

ఆమె పేరు బక్కమ్మ. చనిపోయిన మెకానిక్ పెద్దులు భార్య. ముప్పై ఏళ్ళు అతనికి పానాలు అందించిన మనిషి. ఇంజన్ చల్లారేదాకా నిరోష తల ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో ముఖం తుడుస్తూ మెల్లగా చెప్పింది. ఒక్కగానొక్క కూతురు సుచరితకు ఇలాగే నొప్పులొచ్చాయి. రెండోసారి బిగించుకోమని ఊరందరినీ తిట్టే పెద్దులు, తన కారును మాత్రం రేపు చూద్దాంలే అని వదిలేశాడు. ఆ కారు ఈ షెడ్డు ముందే ఆగిపోయింది. సుచరిత వెనక సీట్లోనే కన్నుమూసింది. ఏడాది తిరక్కుండా పెద్దులు కూడా పోయాడు.

ఆ కారు ఇంకా షెడ్డులోనే ఉంది. ఆమె చేతిలోది, బోల్టు చాలినంత బిగిస్తే టక్కుమనే రెంచి. చీకటి పడగానే బక్కమ్మ ఆ పది బోల్టులకూ రెంచి పెట్టి చూస్తుంది.

"ఎన్నడో బిగిసినయి బిడ్డా. అయినా నా చెయ్యి ఊకోదు."

"మరి అందర్ని ఎందుకు పిలుస్తవే అవ్వా?" అని అడిగాడు నవీన్.

"నీళ్లిద్దామని, రెంచి ఇద్దామని... పిలిస్తేనే ఉరుకుతరు. నువ్వొక్కనివే ఆగినవ్."

ఇంజన్ చల్లారాక ఆమె టార్చి పట్టుకుని చూపిస్తే, నడిమి బోల్టు నుంచి బయటికి వరసగా పదీ బిగించాడు. షెడ్డులోని కుండ నీళ్ళు పోశాడు. బండి కదిలింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా దక్కారు. ఆ పిల్లకు అనూహ్య అని పేరు పెట్టారు.

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నవీన్, ఆమెకు నా మాటగా చెప్పు. మొన్న శుక్రవారం అక్కడే నా బండి ముల్లు ఎర్రగీత దాటింది. పది చప్పుళ్ళూ విన్నాను. 'ఆగు బిడ్డా' అని పిలిచింది కూడా. భయంతో ఆపకుండా యాక్సిలరేటర్ తొక్కుకుంటూ పోయాను. అందుకే ఈ హెడ్డు పగిలింది. తప్పయిందని చెప్పు..."

ఎల్లేష్ చేతిలో పానా ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మొన్న శుక్రారమా సార్?" అన్నాడు నవీన్ మెల్లగా.

"అవును."

"బక్కవ్వ పోయి యాడాదాయె. పాడె మోసిన నలుగుర్ల నేనొకన్ని."

సాయంత్రానికి ఎల్లేష్ పదో బోల్టు బిగించి చేతులు తుడుచుకున్నాడు. "మళ్ల రేపు తీస్కరా సార్, రెండోసారి బిగియ్యాలె," అన్నాడు.

నా ఇల్లు ఆ షెడ్డుకు అవతల. ఇప్పుడు ఆ దారినే పోవాలి, రేపు మళ్ళీ ఆ దారినే రావాలి. శుక్రవారం నాకు భయమేసింది నిజమే. ఇప్పుడు తలచుకుంటే ఆ గొంతులో భయపెట్టేది ఏమీ లేదు. ఒక్క నిమిషం ఆగి ఉండవలసింది.