పిసినారి లేచే ముందు

పిసినారి చచ్చిపోయి అప్పటికి అయిదు నిమిషాలైంది. నడుముకు కట్టిన తాళంచెవితో బల్ల మీద వెల్లకిలా పడుకుని, పొట్ట కదలకుండా మెల్లగా ఊపిరి పీలుస్తున్నాడు. చుట్టూ చుట్టాలు కూర్చుని రాగాలు తీసి ఏడుస్తున్నారు. తల దగ్గర మనవరాలు కూర్చుని ఉంది.

ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ మేడ మీది హాల్లో రిహార్సల్ నడుస్తోంది. అది తాతల కాలం నాటి పాటల నాటకం. ఇంటికొచ్చిన చుట్టాలకు తిండి పెట్టాల్సి వస్తుందని ఒక పిసినారి చచ్చిపోయినట్టు పడుకుంటాడు. వాళ్లు వెళ్లిపోతారనుకుంటాడు. వాళ్లు వెళ్లకపోగా, ఏడవడానికి ఇంకో పదిమంది దిగుతారు. కథ అంతే. మిగతాదంతా పాటలు, నవ్వులు.

వేషాలు వేసేవాళ్లలో ఒక్కరికీ నటన వృత్తి కాదు. పెద్ద బావమరిది వేషం వేసేది బస్సు కండక్టరు. చిన్న బావమరిది పోస్టాఫీసు గుమస్తా. హార్మోనియం వాయించే ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆడించేది స్కూల్లో డ్రాయింగు మాస్టారు. పిసినారి వేషం టైలరు తాతది. నాలుగేళ్లుగా ఆయన ఈ నాటకాలకు బట్టలు కుట్టి పెడుతూ వచ్చాడు. స్టేజీ ఎక్కడం ఇదే మొదలు.

మనవరాలి వేషం నర్సమ్మ కూతురిది. ఆరో తరగతి చదువుతోంది. నాటకం మొత్తంలో ఆమె మాటలు తొమ్మిదే. కానీ అందరి మాటలూ ఆమెకు వచ్చు. పాటలతో సహా వచ్చు. అందుకే మాస్టారు ఆమెకు టేపురికార్డరు అని పేరు పెట్టారు. ఎవరైనా కాస్త తడబడితే చాలు, టేపురికార్డరు పక్కనుంచి మాట అందించేది. కండక్టరు మావయ్యకైతే రోజుకు నాలుగైదుసార్లు అందించాల్సి వచ్చేది. ఆమె లేకపోతే తన బస్సు కదలదని ఆయన అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పిల్ల పూరీలా పొంగేది.

ఆ రోజు రిహార్సల్ చూడ్డానికి అందరి ఇళ్లలోవాళ్లూ వచ్చారు. బెంచీలు నిండాయి. పిల్లలు కిటికీల్లో కూర్చున్నారు.

పెద్ద బావమరిది కళ్లు తుడుచుకుని లేచాడు. "పోయినాయన ఎలాగూ పోయాడు. ఆ సామాన్ల గది తాళం తియ్యండి, ఆకలేస్తోంది," అన్నాడు.

హార్మోనియం ఆగింది. ఇప్పుడు పిసినారి లేచి కూర్చోవాలి.

లేవలేదు. ఫ్యాను కిర్రుకిర్రుమనే చప్పుడు తప్ప హాల్లో ఇంకేమీ వినపడటం లేదు. పిల్ల టైలరు తాత మొహంలోకి చూసింది. రెప్ప కూడా కదలడం లేదు. అయ్యో, మర్చిపోయాడు అనుకుంది. వెంటనే ఆయన చెవి దగ్గరకు వంగింది.

"నా తాళంచెవి ముట్టుకున్నారంటే..."

గుసగుసగానే చెప్పాననుకుంది. కానీ ఆ నిశ్శబ్దంలో అది ఆఖరి బెంచీ దాకా వినపడింది. కిటికీలోంచి ఒక పిల్లాడు, శవం మర్చిపోయిందిరోయ్ అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే తాత లేచి కూర్చుని, "నా తాళంచెవి ముట్టుకున్నారంటే నిజంగానే చచ్చిపోతాను," అన్నాడు. ఎవరికీ సరిగా వినపడలేదు. నవ్వాల్సిన నవ్వు అప్పటికే అయిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళుతూ, నేను అందించబట్టి సరిపోయింది గానీ లేకపోతే నాటకం అక్కడే ఆగిపోయేదని పిల్ల అమ్మతో చెప్పింది. అమ్మ ఊఁ అంది.

సోమవారం టైలరు తాత పాటలో రెండో చరణం మర్చిపోయాడు. మంగళవారం ప్రతి మాటకూ ముందు పిల్ల వైపు చూడటం మొదలుపెట్టాడు. చూసిన ప్రతిసారీ ఆమె అందించింది. బుధవారం తాత రిహార్సల్‌కు రాలేదు. ఈ వయసులో తన తలలో ఏదీ నిలవడం లేదని, పిసినారి వేషం గుమస్తాకు ఇచ్చేయమని, తను బట్టలు కుట్టి పెడతానని కబురు పంపాడు. నాటకం శనివారం.

మాస్టారు పుస్తకం మూశారు. "నాలుగేళ్లు అడగలేక అడగలేక మొన్ననే వేషం అడిగాడు మనిషి," అన్నారు.

గురువారం బడి అయ్యాక పిల్ల టైలరు కొట్టుకు వెళ్లింది. గౌను కొలత సరిచూసుకోవాలి. కొట్టు ఇరుకు గది. రెండు మిషన్లు, నేల నిండా దారపు ముక్కలు, గోడకు తగిలించిన చుట్టాల కోట్లు. తాత వెనక మూల కూర్చుని గౌనుకు హుక్కులు కుడుతున్నాడు. కాస్త ఆగమన్నాడు.

మిషను మీద నాటకం పుస్తకం ఉంది. పిల్ల ఇన్నాళ్లూ ఆయన పుస్తకం తెరిచి చూడలేదు. అన్నీ వచ్చినప్పుడు చూడాల్సిన పనేముంది. ఇప్పుడు ఊరికే తిప్పింది. ప్రతి పేజీలోనూ అంచుల వెంట పెన్సిలు రాత ఉంది, సన్న కుట్టులాగా. పిసినారి లేచే చోట ఇలా ఉంది:

'తొందరొద్దు. ఆరు లెక్కపెట్టాలి. రెండుకి చుట్టాలు తాళం వైపు చూస్తారు. నాలుగుకి జనం నన్ను చూస్తారు. అయిదు, ఊపిరి. ఆరు, లేవాలి. నవ్వు ఇక్కడే ఉంది.'

పిల్ల మనసులో లెక్కపెట్టి చూసుకుంది. ఆ రోజు తను మాట్లాడింది నాలుగు దగ్గర.

తాత గౌను తెచ్చి ఆమె భుజాలకు ఆనించి చూశాడు. ఆయన పెదాల మధ్య గుండుసూదులు ఉన్నాయి. పిల్ల ఆయన మొహం వైపు చూడలేకపోయింది. గౌను అంచు వైపు చూస్తూ అడిగింది.

"తాతా, ఆ రోజు మీరు మర్చిపోలేదా?"

ఆయన సూదులు ఒక్కొక్కటే తీసి సూదులు గుచ్చే చిన్న దిండుకు గుచ్చాడు. నాలుగో సూది గుచ్చాక చెప్పాడు.

"ఆ రోజు మర్చిపోలేదమ్మా. ఆ తర్వాతే మర్చిపోతున్నా."

"నా వల్లేనా?"

"నువ్వు మంచికే చెప్పావులే. నాకే, నీ మొహం చూస్తే చాలు, ఇప్పుడు తప్పుతాననిపిస్తోంది. చెయ్యి పైకెత్తు."

పిల్ల చెయ్యి ఎత్తింది. ఆయన చంక దగ్గర సుద్దతో గీత పెట్టాడు. చెయ్యి ఎత్తే ఉంచి, "గుమస్తా మావయ్యకి ఆరు లెక్కపెట్టే ఓపిక లేదు తాతా. రెండుకే లేచిపోతాడు. మీరే రండి. నేనిక ఎవరికీ అందించను," అంది.

తాత సుద్ద ఇంకో చేతికి మార్చుకున్నాడు. రెండో చెయ్యి ఎత్తమన్నాడు.

శుక్రవారం ఆయన బట్టల మూటతో హాలుకు వచ్చాడు. ఇచ్చి వెళ్లిపోదామని వచ్చానన్నాడు. మాస్టారు బల్ల దులిపి, దాని మీద దిండు పెట్టారు. గుమస్తా తన చొక్కా ఏదో చూసుకుని వేసుకున్నాడు, చిన్న బావమరిది చొక్కా. తాత కాసేపు నిలబడి, వెళ్లి బల్ల మీద పడుకున్నాడు.

ఆ రోజు కండక్టరు మావయ్య రెండుసార్లు తడబడి టేపురికార్డరు వైపు చూశాడు. ఆమె పెదాలు బిగించి నేల చూసింది. ఆయన తల గోక్కుని, గోక్కుని, మాట తనే వెతుక్కున్నాడు. టైలరు తాత కూడా అక్కడక్కడ ఆగాడు. ఆగిన ప్రతిసారీ మాట దానంతటదే వచ్చింది, కాస్త ఆలస్యంగా.

శనివారం సాయంత్రానికి హాలు కిక్కిరిసింది. వెనక గోడకు ఆనుకుని కూడా జనం నిలబడ్డారు. పాటలు బాగా పండాయి. చుట్టాలు ఏడ్చారు. పెద్ద బావమరిది ఆకలేస్తోందన్నాడు. హార్మోనియం ఆగింది.

పిల్ల లెక్కపెట్టింది. ఒకటి. రెండు. చుట్టాలు తాళం వైపు చూశారు. నాలుగు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అయిదు. ఆరు.

తాత లేవలేదు.

ఏడు. ఎనిమిది. ఆయన బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుకుంటోంది, సూదిలోంచి జారిపోయిన దారం వెతుకుతున్నట్టు. ఈసారి నిజంగానే మర్చిపోయాడు. తెర పక్కన మాస్టారు పుస్తకం ఎత్తారు, మళ్లీ దించారు. ఆయన ఎంత మెల్లగా చెప్పినా జనానికి వినపడుతుంది.

మాట పిల్ల నాలుక చివర ఉంది. అనేస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది. హాలంతా మళ్లీ శవాన్ని చూసి నవ్వుతుంది.

ఆమె నోరు తెరవలేదు. చెయ్యి చాపింది. తాత నడుముకు వేలాడుతున్న తాళంచెవిని రెండు వేళ్లతో పట్టుకుంది. దాని ముడి విప్పసాగింది, దొంగతనంగా, చుట్టాల వైపు ఓర చూపు చూస్తూ. జనంలో ఒక చిన్న నవ్వు మొదలైంది. ముడి సగం ఊడింది.

చచ్చిపోయినాయన చెయ్యి వచ్చి ఆమె చేతి మీద టప్పున పడింది. టైలరు తాత లేచి కూర్చున్నాడు.

"నా తాళంచెవి ముట్టుకున్నారంటే నిజంగానే చచ్చిపోతాను."

హాలు కప్పు లేచిపోయినట్టు నవ్వారు. ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాతి మాట పిల్లదే. తొందరపడలేదు. నవ్వు ఆఖరి బెంచీ దాకా వెళ్లి, తగ్గి, పూర్తిగా ఆగేదాకా ఉండి అడిగింది.

"అయితే ఇందాక చచ్చిపోయింది ఎవరు తాతా?"

మళ్లీ నవ్వారు.

నాటకం అయ్యాక జనం టైలరు తాత చుట్టూ మూగారు. అంతసేపు కదలకుండా ఎలా ఉండగలిగావని కండక్టరు మావయ్య ఆయన్ని కుదిపి కుదిపి అడిగాడు. తాత జనం మధ్యలోంచి పిల్ల వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. పిల్ల గబగబా గౌను హుక్కులు విప్పుకోవడంలో పడిపోయింది.

మెట్లు దిగుతుంటే అమ్మ హార్మోనియం పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. ఆ తాళంచెవి ముడి విప్పడం పుస్తకంలో లేదు కదే, ఎందుకు విప్పావని అడిగింది.

పిల్ల నోరు తెరిచింది. చెప్పడానికి బోలెడు ఉంది. రెండు మెట్లు దిగేదాకా ఆగింది.

"మనవరాలికి ఆకలేసిందమ్మా," అంది.